కారు ప్రయాణం కన్నా స్కైడైవింగ్ సురక్షితమన్న మాట ఎంతవరకు నిజం?

టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కిందటి వేసవిలో టాండెమ్ జంప్ చేశాడు. శిక్షకుడి ఛాతీకి బిగించి కట్టిన పట్టీలతో విమానం తలుపులోంచి జారిపోతున్న వీడియోను కుటుంబం గ్రూపులో పెడుతూ, కంగారుపడే పెద్దల కోసం ఒక రాతను కూడా జత చేశాడు. ఆ రాత అతడు రాసింది కాదు. ఏళ్ల తరబడి చేతులు మారుతున్నదే. అందులోని వాదం ఇది: "కారు ప్రమాదంలో చనిపోయే అవకాశం వందలో ఒకటి, స్కైడైవింగ్‌లో మూడున్నర లక్షల్లో ఒకటి. కాబట్టి దూకేటప్పటి కన్నా డ్రాప్‌జోన్‌కు (స్కైడైవింగ్ జరిగే మైదానానికి) కారులో వెళ్లే దారిలోనే ప్రాణాపాయం ఎక్కువ. రెండు పారాచూట్లు, వాటికి తోడు ఒక కంప్యూటర్ ఉంటాయి గనుక విఫలమయ్యే ప్రసక్తి లేదు. దీనికంటే పిడుగు పడి పోయేవారే ఎక్కువ. అయినా రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం."

నేనూ రెండుసార్లు టాండెమ్ దూకినవాడినే. ఆ క్రీడను నిందించాలన్న కోరిక నాకు లేదు. అయితే పై రాతలోని అంకెలు చాలావరకు సరైనవే అయినప్పటికీ, వాటి నుంచి లాగిన నిర్ణయాలు నిలబడవు. ఏవి ఎక్కడ జారిపోతున్నాయో వరుసగా చూద్దాం.

వందలో ఒకటి అన్న అంకె అమెరికా నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ ప్రకటించే "జీవితకాల అవకాశం" నుంచి వచ్చింది. పుట్టిన నాటి నుంచి పోయేదాకా ఒక మనిషి చేసే రోడ్డు ప్రయాణాలన్నీ కలిపితే, వాటిలో ఏదో ఒకటి అతడి ప్రాణం తీసే అవకాశం అది. మూడున్నర లక్షల్లో ఒకటి అన్నది మాత్రం ఒకే ఒక్క జంప్ లెక్క: 2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల జంప్‌లు జరిగాయనీ, 10 మంది మరణించారనీ యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ (యూఎస్‌పీఏ) వెల్లడించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడమంటే, ఏడాది పొడవునా తిన్న అన్నాన్ని ఒక పళ్లెంలోనూ ఒక్క ముద్దకు సరిపడే ఆవకాయను మరో పళ్లెంలోనూ ఉంచి, కారం అన్నంలోనే ఎక్కువని తేల్చడం వంటిది.

ఏడాదిని ఏడాదితోనే పోలిస్తే చిత్రం తలకిందులవుతుంది. 2023లో అమెరికా రోడ్ల మీద 40,901 మంది మరణించారు; దాదాపు 33.5 కోట్ల జనాభాలో అది సుమారు 8,200 మందికి ఒకరు. వారాంతాల్లో క్రమం తప్పకుండా దూకుతూ ఏడాదికి 200 జంప్‌లు పూర్తిచేసే వ్యక్తికి, పై సగటు ప్రకారమే, ఆ క్రీడ వల్ల ప్రాణం పోయే అవకాశం సుమారు 1,800లో ఒకటి. అంటే రోడ్డు ముప్పుకు నాలుగు రెట్లకు పైగా. పైగా ఆ ముప్పు రోడ్డు ముప్పుకు బదులుగా రాదు; దానికి అదనంగా వచ్చి చేరుతుంది.

డ్రాప్‌జోన్‌కు వెళ్లే దారి సంగతికి వస్తే, ఇది కొంత ఓపికగా చూడవలసిన అంశం, ఎందుకంటే కొందరి విషయంలో ఈ మాట నిజమే కావచ్చు. 2023లో అమెరికాలో వాహనాలు నడిచిన ప్రతి 10 కోట్ల మైళ్లకు 1.26 మరణాలు నమోదయ్యాయి. ఆ లెక్కన ఒక సగటు జంప్‌లోని ముప్పు సుమారు 350 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణంలోని ముప్పుకు సమానం. టాండెమ్ ప్రయాణికుల విషయంలో యూఎస్‌పీఏ చెప్పే అంకె ఇంకా మెరుగైనది, దాదాపు 5 లక్షల జంప్‌లకు ఒక మరణం. అది సుమారు 255 కిలోమీటర్లతో సమానమవుతుంది. కనుక రాకపోకలు కలిపి 255 కిలోమీటర్లకు మించి కారు నడిపి, ఒక్కసారి టాండెమ్ దూకి ఇంటికి తిరిగివచ్చే మా మేనల్లుడి వంటివారి విషయంలో ఆ రాతను నేను తప్పు అనలేను. అదే డ్రాప్‌జోన్‌లో ఒక రోజులో ఐదుసార్లు దూకే నిత్య స్కైడైవర్ ఆ రోజు మోసే ముప్పు 1,750 కిలోమీటర్ల డ్రైవింగ్‌తో సమానం. 20 మంది మరణించిన 2022 సంవత్సరపు అంకెలు తీసుకుంటే ఒక్కో జంప్ 600 కిలోమీటర్లు దాటుతుంది. మామూలుగా ఏ డ్రాప్‌జోన్ అయినా అంత దూరంలో ఉండదు.

ఇక్కడ మరో మెలిక ఉంది. రోడ్డు సగటులో తాగి నడిపేవారు, బెల్టు పెట్టుకోనివారు, కారులో లేని పాదచారులు అందరూ కలిసే ఉంటారు. అమెరికా రోడ్డు మరణాల్లో దాదాపు 30 శాతం మద్యం సేవించిన డ్రైవర్లతో ముడిపడినవి. కార్లలో చనిపోయినవారిలో ఇంచుమించు సగం మంది బెల్టు పెట్టుకోనివారు. పొద్దున్నే, పట్టపగలు, బెల్టు బిగించుకుని, తాగకుండా కారు నడిపే వ్యక్తి ముప్పు ఆ సగటు కన్నా చాలా తక్కువ. కాబట్టి సగటుతో పోల్చినప్పుడే వాదానికి మేలు జరుగుతోంది. నిజంగా డ్రాప్‌జోన్‌కు వెళ్లే మనిషితో పోలిస్తే అది మరింత బలహీనపడుతుంది. స్కైడైవింగ్ సగటులోనూ ఇలాంటి కలగలుపే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

వాహనం మారితే లెక్క కూడా మారుతుంది. బ్రిటన్ గణాంకాల ఆధారంగా తరచూ చెప్పే అంచనా ప్రకారం, మోటారు సైకిలుపై దాదాపు 10 కిలోమీటర్ల ప్రయాణంలో పది లక్షల్లో ఒక వంతు ప్రాణాపాయం ఉంటుంది. ఆ కొలతతో ఒక జంప్ ముప్పు 30 కిలోమీటర్ల బైకు ప్రయాణాన్ని కూడా మించదు. అంటే డ్రాప్‌జోన్‌కు బైకు మీద వెళ్లేవాడికి ఆ రాతలోని మాట దాదాపు అక్షరసత్యం. 2022లో భారతదేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించగా, వారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. మన గ్రూపుల్లో ఈ రాతను చదివి "అవును నిజమే" అని తల ఊపేవారిలో ఎక్కువ మంది టెక్సాస్ కారును కాక, తాము రోజూ ఎక్కే బండినే తలచుకుంటున్నారేమో అనిపిస్తుంది.

ఇంకొక చిన్న విషయం. దూకాలంటే ముందు పైకి వెళ్లాలి. 2019 జూన్ 21న హవాయిలోని డిల్లింగ్‌హామ్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి స్కైడైవర్లతో బయలుదేరిన కింగ్ ఎయిర్ విమానం గాల్లోకి లేచిన వెంటనే కూలి, లోపలున్న 11 మందీ మరణించారు. అదే ఏడాది జూలైలో స్వీడన్‌లోని ఉమియో దగ్గర, 2021 జూలైలో అదే దేశంలోని ఓరెబ్రూలో జరిగిన ప్రమాదాల్లో తొమ్మిదేసి మంది పోయారు. 2019కి యూఎస్‌పీఏ ప్రకటించిన 15 మరణాల్లో హవాయి మృతులు లేరు, ఎందుకంటే అది విమాన ప్రమాదం కిందికి వస్తుంది. లెక్కలో విభాగాలు వేరు కావడం సబబే గాని, విమానం ఎక్కే మనిషి మాత్రం ఒక్కడే.

ఇక పరికరాలు. ఈ రాతలో నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచింది "విఫలమయ్యే ప్రసక్తి లేదు" అన్న మాట. ప్రధాన పారాచూట్ విఫలమవుతుంది. సుమారు వెయ్యి జంప్‌లకు ఒకసారి దాన్ని వదిలించుకుని రిజర్వ్ అనే రెండో పారాచూట్ తెరవవలసి వస్తుందని ఆ రంగంలో వాడుకలో ఉన్న అంచనా. తాడు మెలిపడవచ్చు, గుడ్డ పూర్తిగా విచ్చుకోకపోవచ్చు, సంచి తెరుచుకున్నా పారాచూట్ బయటికి రాకపోవచ్చు. అందుకే రెండోది ఉంది. దాన్ని ఎవరు పడితే వారు మడవరు. అమెరికాలో ప్రభుత్వ ధ్రువపత్రం పొందిన రిగ్గర్ (పారాచూట్లు మడిచే నిపుణుడు) మాత్రమే, అదీ గత 180 రోజుల లోపు మడిచి ఉండాలి. ప్రధాన పారాచూట్‌ను స్కైడైవర్ తానే మడుచుకోవచ్చు.

ప్రధాన పారాచూట్‌ను వదిలించుకునే మూడు రింగుల అమరిక 1970ల నడుమ బిల్ బూత్ రూపొందించినది. ఒకదానిలోంచి ఒకటి దూరే మూడు ఉంగరాలు బరువును అంచెలంచెలుగా తగ్గిస్తాయి. వందల కిలోల లాగుడు చివరికి ఒక సన్నని దారపు ఉచ్చు మీద కొద్దిపాటి బరువుగా మిగులుతుంది. ఆ ఉచ్చులోని తీగను చేత్తో లాగగానే భుజాల మీది పట్టీలు వదులుతాయి. అంతకు ముందటి అమరికల్లో ఒక్కో భుజాన్ని విడివిడిగా విప్పుకోవలసి వచ్చేదని గుర్తుంచుకుంటే, ఎంత తేడానో అర్థమవుతుంది.

రాతలో "కంప్యూటర్" అన్నది ఆటోమేటిక్ యాక్టివేషన్ పరికరం. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ 1991లో తెచ్చిన సైప్రెస్ వాటిలో ప్రసిద్ధమైనది. అనుభవజ్ఞులు వాడే రకం, సుమారు 750 అడుగుల ఎత్తున మనిషి ఇంకా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, రిజర్వ్‌ను మూసి ఉంచిన ఉచ్చును తనంత తానే కోసేస్తుంది. బోర్లా పడుతున్న మనిషి వేగం గంటకు దాదాపు 195 కిలోమీటర్లు కనుక, 750 అడుగుల నుంచి నేలకు నాలుగు సెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. అది స్పృహ తప్పినవాడి కోసం, ఎత్తు మరచినవాడి కోసం పెట్టిన ఆఖరి మెట్టు. దాని మీద ఆధారపడి జంప్ చేయవచ్చని తయారీదారు కూడా చెప్పడు. పారాచూట్ సరిగా లేదని గుర్తించి వదిలించుకునే నిర్ణయాన్ని శిక్షణలో ఉన్నవారు 2,500 అడుగుల ఎత్తుకు ముందే తీసుకోవాలని యూఎస్‌పీఏ నియమం. ఆ నిర్ణయం మనిషిదే.

ఈ పరికరాలు ప్రాణాలు కాపాడాయన్నది కాదనలేనిది. 1970లలో అమెరికాలో ఏటా సగటున 40 మందికి పైగా స్కైడైవర్లు మరణించేవారు. ఇప్పుడు అంతకన్నా ఎన్నో ఎక్కువ జంప్‌ల మీద సుమారు 10 నుంచి 20 మంది. అయితే తగ్గిన మరణాల స్వభావం కూడా మారింది. ఇటీవలి దశాబ్దాల్లో చనిపోయినవారిలో పెద్ద వాటా, తల మీద చక్కగా తెరుచుకున్న పారాచూట్ ఉండగానే పోయినవారు. చిన్న సైజు పారాచూట్ వేగంగా ఎగురుతుంది. నేలకు దగ్గరలో దాన్ని గట్టిగా తిప్పితే ఇంకా వేగం పుంజుకుంటుంది. ఆ వేగంతో గడ్డి మీదుగా దూసుకుపోయి దిగడం చూసేవారికి కన్నుల పండుగ. తిప్పడం ఒక్క సెకను ఆలస్యమైతే రెండో పారాచూట్ గాని, ఉచ్చు కోసే పరికరం గాని చేయగలిగింది ఏమీ లేదు. పరికరాలు ఎంత భద్రమైతే స్కైడైవర్లు అంత ఎక్కువ సాహసానికి తెగించి మరణాల రేటును ఉన్నచోటే నిలబెడతారని బిల్ బూత్ సగం హాస్యంగా ఒక సూత్రం చెప్పాడు. రేటు తగ్గింది గనుక ఆ సూత్రం పూర్తిగా నిజం కాలేదు. కాని తెలుగులో "దూకుడు" అన్న మాటకు ఉన్న రెండో అర్థం ఆయనకు తెలిసి ఉంటే సంతోషించేవాడు. 1980లలో మ్యూనిక్ టాక్సీలపై జరిగిన ప్రయోగంలోనూ, చక్రాలు బిగుసుకోని కొత్త బ్రేకులున్న కార్ల డ్రైవర్లు మరింత దూకుడుగా నడపడంతో ప్రమాదాలు ఆశించినట్టు తగ్గలేదు.

పైన కలగలుపు అన్నది ఇదే. సగటు జంప్ అన్నది ఎక్కడా లేదు. పెద్ద పారాచూట్ కింద శిక్షకుడితో దిగే టాండెమ్ ప్రయాణికుడు, బరువుకు మించి చిన్న పారాచూట్‌తో నేలను రాసుకుంటూ దిగే ఆటగాడు, ఇద్దరూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నారు. ఈ సందర్భంలోనే ఇంకో మాట: మన పర్యాటక స్థలాల్లో జీపుకో పడవకో తాడు కట్టి పైకి లేపే పారాసెయిలింగ్‌కు ఈ అంకెలు వర్తించవు. అక్కడ రిజర్వ్ ఉండదు, రిగ్గర్ ఉండడు, 180 రోజుల నియమమూ ఉండదు. "పారాచూటే కదా" అని అక్కడ కూడా మూడున్నర లక్షల్లో ఒకటి అనుకునేవారిని నేను చూశాను.

పిడుగు విషయం తేలికగా తేలిపోతుంది. అమెరికాలో ఏటా పిడుగుపాటుతో మరణించేవారు ఇంచుమించు 20 మంది, కొన్నేళ్లలో అంతకన్నా తక్కువ. పిడుగు నీడలో అమెరికా జనాభా మొత్తం ఉంది. యూఎస్‌పీఏ సభ్యులు సుమారు 40 వేలు. రెండు చోట్లా మృతుల సంఖ్య ఒకేలా ఉన్నదంటే ముప్పు సమానమని కాదు. మన దేశంలోనైతే పిడుగు ఏటా రెండు వేలకు మించిన ప్రాణాలు తీస్తున్నది, అందులో అత్యధికులు పొలాల్లో పనిచేసేవారు. సరదా కోసం పోలికకు వాడుకోవలసిన మరణాలు కావవి.

చివరిది, రాసిపెట్టి ఉండడం. వీడియో చూసి "ఇదేం పోయేకాలంరా" అని అందరికన్నా ముందు కోప్పడినది మా పెద్ద మామయ్య. ఆయన హెల్మెట్‌ను బండి ట్యాంకు మీద పెట్టుకుని, పోలీసు కనబడే మలుపు దగ్గర మాత్రం తలకు తగిలిస్తారు. రెండేళ్ల కిందట లారీ పక్కనుంచి తప్పించుకున్నప్పుడు "భూమ్మీద నూకలున్నాయి" అన్నారు. మేనల్లుడి రాతలోని ఆఖరి వాక్యం మాత్రం ఆయనకు బాగా నచ్చింది. ఇద్దరూ ఒకే మాటను రెండు వైపుల నుంచి పట్టుకున్నారు: ఒకరు అలవాటైన ముప్పును విధికి వదిలేశారు, మరొకరు కొత్త ముప్పును అదే విధికి అప్పగించి నిశ్చింత పొందారు.

టాండెమ్ శిక్షకుడి వీపున ఉండే సంచిలో నిజంగానే ఒక రాసిపెట్టిన కాగితం ఉంటుంది. రిజర్వ్‌ను మడిచిన రిగ్గర్ తన సంతకం, ధ్రువపత్రం సంఖ్య, తేదీ వేసిన కార్డు అది. రిజర్వ్ తీగకు ఎర్ర దారంతో కట్టిన సీసపు ముద్ర కూడా ఆయనదే. ఆ తేదీ నుంచి 180 రోజులు దాటితే, దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచేదాకా ఆ సంచితో దూకడానికి చట్టం ఒప్పదు. కార్డు చూపించమని అడిగితే డ్రాప్‌జోన్‌లో ఎవరూ తప్పుగా అనుకోరు. నేను రెండుసార్లూ అడిగాను.