పేరు గడిలో ఇరుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మన పర్లాకిమిడిలో ఇంజినీరింగ్ పిల్లలున్న ఏ ఇంటికెళ్ళినా ఒకటే చర్చ. జావా నేర్చుకోవాలా, పైథానా? కోర్సు అమీర్‌పేటలో చేయాలా, భువనేశ్వర్‌లోనా? ఏఐ వచ్చాక ఇక కోడింగ్ దండగేనా? ఏ కోర్సుకి ఎంత ప్యాకేజీ అన్నది అందరి నోటా వినిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ని రేపు వాడేవాళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఐటీ పనిలో అసలు కష్టం అక్కడే ఉంది. రుజువు కావాలంటే మన పిల్లల సర్టిఫికెట్లు తీసి చూడండి.

ఒక పిల్లవాడి ఇంటిపేరు బలగ, పేరు లక్ష్మణరావు అనుకుందాం. పదో తరగతి ఒడిశాలో చదివాడు. అక్కడి పద్ధతి ప్రకారం ఇంటిపేరు చివరికి వెళ్ళి ‘లక్ష్మణరావు బలగ’ అయ్యాడు. విశాఖ కాలేజీలో చేరినప్పుడు క్లర్కు ఆంధ్రా అలవాటు కొద్దీ ‘బలగ లక్ష్మణరావు’ అని ఎక్కించాడు. ఆధార్‌లో పేరుకి ఒకటే గడి, అందులో ‘బి. లక్ష్మణరావు’ అని పడింది. పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకి వేరే గడి ఉంటుంది, అక్కడ పొడి అక్షరం చెల్లదు. మధ్యలో ఎవరైనా ‘రావు’ని విడగొట్టి టైపు చేస్తే అదే ఇంటిపేరై కూర్చుంటుంది. తీరా క్యాంపస్‌లో సెలెక్టై ఆఫర్ లెటర్ వచ్చాక, కంపెనీ కాగితాలన్నీ సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పేర్లు కలవక ఫైలు ఆగిపోతుంది. అఫిడవిట్ కోసం నోటరీ చుట్టూ తిరగాలి. జాయినింగ్ డేట్ దాటిపోతుందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇది పిల్లవాడి తప్పు కాదు, టైపు చేసిన క్లర్కుది కూడా పూర్తిగా కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి, రెండూ తప్పనిసరి చేసి, అక్షరం అక్షరం పోల్చి చూసే ప్రోగ్రాం రాసినవారిది. పేరుని విడగొట్టాల్సిన అవసరం నిజంగా ఉందా, పూర్తి పేరుకి ఒక గడి చాలదా అని ఆలోచించమని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎప్పటినుంచో చెబుతోంది. అదేమంత కష్టమైన సలహా కాదు.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. ఈ ఇబ్బంది స్వయంగా పడ్డ పిల్లలే ఉద్యోగంలో చేరి మళ్ళీ అవే రెండు గడులు కడుతున్నారు. పైనుంచి వచ్చిన టికెట్‌లో, అంటే పని చీటీలో, అలా రాసి ఉంది; స్ప్రింట్ అనే ఆ పని గడువు అయ్యేలోపు దాన్ని మూసేయాలి. ‘మా ఊళ్ళో పేర్లు ఇలా ఉండవు సార్’ అని ఫ్రెషర్ నోరు విప్పితే పని తెలియనివాడి కింద జమకడతారేమోనని భయం. అలా అడగడం కూడా పనిలో భాగమేనని నాలుగేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు. ఏఐ టూల్‌ని రిజిస్ట్రేషన్ ఫారం రాయమన్నా తరచుగా అవే రెండు గడులు ఇస్తుంది, నిమిషంలో ఇస్తుంది. దాన్ని చూసి ఇది మనవాళ్ళకి సరిపోదని పట్టుకునే మనిషి లేకపోతే ఆ వేగం వల్ల ఒరిగేదేముంది?

గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఇంజినీరింగ్ కాలేజీలు ఫైనలియర్‌లో ఏటా అవే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అటెండెన్స్ యాప్ ప్రాజెక్టులు చేయించడం మానాలి. పిల్లల్ని ఓ వారం ఇటు జనసేవా కేంద్రంలో, ఇంకో వారం అటు ఆంధ్రాలోని పాతపట్నం మీసేవలో కూర్చోబెట్టండి. ఏ దరఖాస్తు ఏ గడి దగ్గర ఆగుతోందో రాసుకుని రమ్మనండి. కోడ్ ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు, అది జావాలోనైనా సరే, పైథాన్‌లోనైనా సరే.