రెండంటే రెండు రోజుల పని

మా పాత బాత్రూమ్‌లోకి మనిషి నేరుగా వెళ్ళలేడు. తలుపు సగం తెరుచుకుని కమోడ్‌కి గుద్దుకుని ఆగిపోతుంది, కాబట్టి ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగి, ముందు ఒక కాలు లోపలికి పంపి, తర్వాత మిగతా మనం వెళ్ళాలి. కుళాయికి ఎర్ర గుర్తున్న వైపు చన్నీళ్ళు, నీలం గుర్తున్న వైపు వేడినీళ్ళు. మాకు అలవాటైపోయింది గానీ, ఇంటికొచ్చిన చుట్టాలు లోపల్నించి కెవ్వుమన్నప్పుడు గుర్తొచ్చేది, అయ్యో చెప్పడం మర్చిపోయామే అని. ఇక స్నానం చేసిన నీళ్ళు జాలీ వైపు తప్ప అన్ని వైపులా పోయేవి. జాలీ గదంతటికీ ఎత్తైన చోట ఉంది, కొండమీద గుడిలాగా. నీళ్ళని చీపురుతో ఆ కొండెక్కించాకే స్నానం పూర్తయినట్టు లెక్క.

ఇదంతా అప్పట్లో మా మామయ్యగారు దగ్గరుండి కట్టించారు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే పగలగొట్టినన్నాళ్ళూ ఆయన హాల్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూనే ఉన్నారు.

మేస్త్రి వచ్చి గోడని వేలితో టకటకా కొట్టి, "రెండు రోజుల పని మేడమ్" అన్నాడు. పెద్ద సమ్మెట కూడా తెచ్చాడు. ఉలి అలా ఆనించాడో లేదో, మొదటి టైలు బుద్ధిగా ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. మామూలుగా టైలు వెనక సిమెంటు అంతటా పరుస్తారు కదా, మావాళ్ళు నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి గోడకి అంటించేశారు. మిగతాదంతా డొల్ల. ఆ డొల్లలోకి ఇన్నేళ్ళూ నీళ్ళు దిగాయి, బొద్దింకలు తాతల కాలం నుంచీ కాపురాలుంటున్నాయి, మేము స్నానం చేసింది వాళ్ళ పెరట్లో అన్నమాట. "ఎవరండీ ఇది కట్టింది!" అని మేస్త్రి అరిచాడు. హాల్లో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

నేల ఇంకో కథ. టైల్స్ కింద ఇంకో వరస టైల్స్, వాటి కింద గచ్చు. ఒకసారి రిపేరుకని పాతవాటిమీదే కొత్తవి పరిచారట, అప్పుడు జాలీ కిందే ఉండిపోకుండా ఒక పైపుముక్క పెట్టి పైకి లేపారు, ఆ ముక్క కాస్త పొడుగైంది. మా కొండ పుట్టుక అదీ.

జాలీ కింద వంపు ఉండాలి, అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలిచి కాలవ వాసనని పైకి రాకుండా ఆపాలి. మాకు వంపు లేదు, తిన్నగా కాలవలోకి గొట్టం. ఆ వాసనకి మేము పదేళ్ళు ఫినాయిలు కంపెనీలు మార్చాం, ఫ్యాన్ పెట్టించాం, ఒక దశలో (ఇది మా ఆయనకి చెప్పకండి) మనుషుల్ని కూడా అనుమానించాం. "ఎవరండీ ఇది..." మళ్ళీ పేజీ తిరిగింది.

ఇంట్లో గట్టిగా బిగించింది ఏదైనా ఉందంటే కమోడ్. రేపెప్పుడైనా తీయాల్సొస్తుందని బోల్టులతో బిగిస్తారు దాన్ని. మాది మాత్రం నేలతో కలిపి సిమెంటు పోసి పాతేశారు. సమ్మెట పని అక్కడ పడింది. రెండో రోజు సాయంత్రం అది విరిగింది, దాంతోపాటు వెనకున్న నీళ్ళ పైపూ విరిగింది. మా ఆయన "నేనున్నా" అంటూ వాల్వు కట్టేయడానికి పరిగెత్తారు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వు అది. తిప్పిన చక్రం చేతికొచ్చింది, నీళ్ళు ఆగలేదు. ఆయన డాబామీద ట్యాంకు దగ్గరికి వెళ్ళేలోపు హాల్లో మామయ్యగారు పేపరు దించకుండానే కాళ్ళు ఎత్తి పెట్టుకున్నారు.

ఆ రెండు రోజులూ పంతొమ్మిది అయ్యాయి. తువ్వాలు భుజానేసుకుని మేము గేటు దాటగానే పక్కింట్లో తలుపులు మూసుకోవడం మొదలైంది.

ఆఖరికి కొత్త టైల్స్ పడ్డాయి. మీటరుకి సెంటీమీటరు వాలు ఇచ్చానని, రసమట్టం పెట్టి మరీ చూశానని మేస్త్రి మీసం తిప్పాడు. అందరం గుమ్మంలో గుమిగూడాం. బకెట్ నీళ్ళు పోశాడు. నీళ్ళు గది మధ్యకి వెళ్ళి ఆగాయి. ఎటూ కదల్లేదు.

ఎవరూ మాట్లాడలేదు. ఇన్నాళ్ళకి మామయ్యగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చి, నా భుజం పైనుంచి తొంగిచూశారు.

"మా బాత్రూమ్‌లో కనీసం ఎటో ఒకవైపు పోయేవమ్మా" అన్నారు.