బీథోవెన్ తలనీలాలపై ఒక తిరుపతి పౌరుడి అభ్యంతరం

వెంట్రుకల మీద తీర్పు చెప్పే అధికారం ఈ భూమి మీద ఏదైనా ఊరికి ఉంటే అది తిరుపతికే ఉండాలి. కొండ మీద కల్యాణకట్టలో రాత్రీ పగలూ కత్తి ఆగదు. రాలిన తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి, వేలం వేసి, కోట్ల రూపాయలకు అమ్ముతారు. ఇంత అనుభవం ఉన్న ఊరిని ఒక్క మాటైనా అడగకుండా, 1827 మార్చి 26న వియన్నాలో కన్నుమూసిన జర్మన్ సంగీతకారుడు లుడ్విగ్ వాన్ బీథోవెన్ మరణంపై కొన్ని దశాబ్దాలుగా వెంట్రుకలతో విచారణ జరుపుతున్నారు. దీనిపై మా ఊరి తరఫున అభ్యంతరం నమోదు చేసే బాధ్యతను, ఎవరూ అప్పగించకపోయినా, నేను స్వీకరించాను.

బీథోవెన్‌కు తిరుపతిలో పెద్దగా బంధువర్గం లేదని నాకు తెలుసు. ఊళ్లో చాలామందికి ఆయన పాత ఫోన్ల రింగ్‌టోన్‌గానే పరిచయం, అదీ పేరు తెలియకుండా. అయినా సంగీత కళాశాల ఉన్న ఊరివాళ్లం. ఒక విద్వాంసుడికి అన్యాయం జరుగుతుంటే దద్దోజనం తింటూ కూర్చోలేం.

కేసు వివరాలు ఇవి. బీథోవెన్ పోయిన మర్నాడు ఫెర్డినాండ్ హిల్లర్ అనే 15 ఏళ్ల సంగీత విద్యార్థి కడసారి చూపుకు వచ్చి, గుర్తుగా ఒక పాయ కత్తిరించుకున్నాడు. అతనొక్కడే అయితే సరిపోయేది. వచ్చిన ప్రతివారి జేబులోనూ కత్తెర ఉన్నట్టుంది. కుటుంబ మిత్రుడి కొడుకు గెర్హార్డ్ వాన్ బ్రూనింగ్ మాత్రం తండ్రి ఇప్పుడే వద్దన్నాడని బుద్ధిగా ఆగాడు. 29న, అంత్యక్రియల రోజు, తనూ కొంచెం తీసుకుందామని వెళ్తే అప్పటికే ముక్కూ మొహం తెలియనివాళ్లు తల ఖాళీ చేసి పోయారు. మొక్కు లేదు, టోకెన్ లేదు, వరుస లేదు. ఎవరు ఎంత తీసుకుపోయారో రాసుకున్న పుస్తకం అంతకన్నా లేదు. చరిత్రలో ఇంత అస్తవ్యస్తంగా జరిగిన గుండు మరొకటి ఉంటుందని నేను అనుకోను.

హిల్లర్ తీసుకున్నదని చెప్పే పాయ ఆ ఇంట్లో తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది. తర్వాత 1943లో, నాజీల నుంచి యూదులు పారిపోతున్న రోజుల్లో, డెన్మార్క్‌లోని ఒక రేవు పట్టణంలో ఒక డాక్టరు చేతికి చేరింది. 1994లో లండన్ వేలంలో అమెరికన్లు 3,600 పౌండ్లకు కొన్నారు. లెక్కపెడితే 582 వెంట్రుకలు తేలాయి. వెంట్రుకకు ఆరు పౌండ్ల పైమాటే. మా కొండ మీద ఈ ధర పలికిన దాఖలా లేదు.

అప్పుడు యంత్రాలు రంగంలోకి దిగాయి. 2000లో ఫలితాలు బయటపెట్టారు. వెంట్రుకల్లో సీసం మామూలు మనిషి కంటే దాదాపు నూరు రెట్లు ఉందన్నారు. ఆ కడుపునొప్పులు, ఆ కోపం, ఆ చావు, అన్నింటికీ సీసమే కారణమై ఉండవచ్చన్నారు. పాదరసం జాడ లేదు కాబట్టి, పాదరసంతో వైద్యం చేసే సుఖవ్యాధి ఆయనకు లేదని శీలపరీక్షలో నెగ్గించారు. మార్ఫిన్ జాడ కూడా లేదు. కాబట్టి ఆఖరి రోజుల్లో అంత బాధలోనూ, స్వరరచన చేసే బుద్ధి మసకబారకూడదని మహానుభావుడు నొప్పి మందు వద్దన్నాడని చెప్పుకున్నారు. చదివిన నాకూ కళ్లు చెమర్చాయి. త్యాగరాజస్వామి వారి తర్వాత ఇంత నిగ్రహం మళ్లీ ఇక్కడే చూశాను.

2023లో జన్యు పరీక్ష చేశారు. ఆ పాయ ఒక స్త్రీది.

ఆ తల్లి ఎవరో గానీ, ఆమెకు ఈ ప్రపంచం బహిరంగంగా క్షమాపణ చెప్పాలి. ఆమె ఒంట్లోని సీసాన్ని తీసుకుపోయి ఒక జర్మన్ సంగీతకారుడి కోపానికి కారణం చేశారు. ఆమె మార్ఫిన్ తీసుకోకపోతే ఆయనను రుషిని చేశారు. ఆమె ఏ సుఖవ్యాధీ లేకుండా బతికితే ఆ మంచిపేరు ఆయన ఖాతాలో జమ చేశారు. ఆడవాళ్ల కష్టం మగవాళ్ల పేరున పడటం మన ఇళ్లలో చూసిందే కానీ, అణు ప్రయోగశాలలో కూడా అదే జరుగుతుందని అనుకోలేదు.

ఇక్కడ యంత్రాన్ని ఒక్క మాట అనకూడదు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలోని యంత్రం పెట్టిన వెంట్రుకలో సీసం ఎంతుందో నిజాయితీగా చెప్పింది. అది ఎవరి వెంట్రుక అని దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పే రకం యంత్రం కాదు. ల్యాబు రిపోర్టు ఎంతవరకు చెబుతుంది, జనం దానితో ఎంత దూరం వెళతారు అన్నది మా ఊరికి 2024 నుంచి బాగా తెలిసిన సంగతే. ఆ నెయ్యి జోలికి నేను వెళ్లను. నాకు ఇంకా ఈ ఊళ్లోనే ఉండాలని ఉంది.

కల్యాణకట్టలో జీవితమంతా కత్తి పట్టిన ఒక పెద్దాయనకు ఈ కథంతా చెప్పాను. ఆయన జన్యువుల గురించి ఏమీ అడగలేదు. "సామీ, ఆ జుట్టు ఎవరిదో రాసిపెట్టుకున్నారా?" అన్నాడు. పాయ పెట్టిన చట్రం వెనక కాగితం మీద రాసి ఉందన్నాను. "ఎవరు రాశారు?" అన్నాడు. హిల్లర్ కొడుకు రాశాడు, అదీ కత్తిరించిన చాలా ఏళ్ల తర్వాత అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి బీడీ వెలిగించుకున్నాడు. ప్రపంచ ప్రఖ్యాత నిపుణులకు తట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టిన ప్రశ్న ఈయనకు తట్టడానికి బీడీ వెలిగించేంత సేపు కూడా పట్టలేదు. ఈయన్ని ఏ విచారణ సంఘంలోనూ ఎందుకు వేయరో నాకు అర్థం కాదు.

నిజానికి జుట్టు ఎక్కడిదని నిలదీసే అలవాటు లోకంలో లేకపోలేదు. 2004లో జెరూసలేంలో ఒక యూదు మతగురువు, తమ స్త్రీలు పెట్టుకునే విగ్గుల జుట్టు తిరుమల తలనీలాలదని తెలుసుకుని, అలాంటివి వాడకూడదని తీర్పు ఇచ్చారు. న్యూయార్క్ వీధుల్లో ఖరీదైన విగ్గులను కుప్పపోసి తగలబెట్టారు. మా మొక్కులను వారు అలా చూడటం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి. కానీ విగ్గు పెట్టుకునేవాళ్లు పడినంత పట్టుదల పోస్టుమార్టం చేసేవాళ్లు ఎందుకు పడలేదు?

సరే, సీసం సంగతి ముగిసింది కదా అనుకుంటే పొరపాటు. 2005లో ఆయన పుర్రెవే అని చెప్పిన ఎముక ముక్కల్లోనూ సీసం దొరికింది. 2007లో వియన్నా ఫోరెన్సిక్ నిపుణుడు క్రిస్టియన్ రైటర్, వెంట్రుకలో సీసం పెరిగిన చోట్లు ఆఖరి రోజుల్లో వైద్యం చేసిన డాక్టర్ వావ్రుఖ్ ఆయన పొట్టలో నీరు తీసిన తేదీలతో సరిపోతున్నాయని, కట్టిన మందులోని సీసమే ప్రాణం తీసిందని వాదించాడు. పాపం వావ్రుఖ్, నోటీసు అందుకునే స్థితిలో లేడు. 2010లో న్యూయార్క్‌లో ఎముకను మళ్లీ కొలిచి, అసాధారణమైన సీసమేమీ లేదన్నారు. 2023లో వెంట్రుకే ఆయనది కాదని తేలింది. 2024లో నిజంగా ఆయనవే అని తేలిన రెండు పాయలను పరీక్షిస్తే గ్రాముకు 258, 380 మైక్రోగ్రాముల సీసం ఉంది. మామూలుగా నాలుగు లోపు ఉండాలి. అంటే తప్పుడు సాక్షి చెప్పిన మాటే అసలు సాక్షి కూడా చెప్పాడు! మొదట సీసమన్నవాళ్లు ఇప్పుడు మీసం తిప్పుకోవచ్చు. కాకపోతే ఆ అసలు పాయల్లో పాదరసమూ మామూలు కంటే నాలుగు రెట్లు ఉంది. ఆ రోజుల మందుల్లోనే పాదరసం ఉండేది కాబట్టి దానివల్ల ఏ రోగమూ రుజువు కాదు. కానీ ఆ స్త్రీ దయతో దక్కిన శీల ధ్రువపత్రాన్ని మాత్రం వెనక్కి ఇవ్వక తప్పదు.

ఇంతా చేసి, అంత సీసమూ ఒక్కటే మనిషిని చంపేంతటిది కాదని ఆ పరిశోధకులే అన్నారు. మరి దేనివల్ల పోయినట్టు? 1827లోనే కోసి చూసిన డాక్టర్ వాగ్నర్ కాలేయం సగానికి కుంచించుకుపోయి, తోలులా గట్టిపడి, గడ్డలు కట్టి ఉందని రాసిపెట్టాడు. 2023 నాటి జన్యు పరీక్ష కాలేయ రోగానికి వంశపారంపర్యంగా ఉన్న ముప్పునూ, హెపటైటిస్ బి సోకిన జాడనూ చూపింది. వీటికి తోడు ఆయనకు ద్రాక్షసారా అలవాటు. ఈ బృందాన్ని మాత్రం నేను మెచ్చుకుంటాను. వాళ్లు ఎనిమిది పాయలు ముందు పెట్టుకుని, వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చినవి ఒకే మనిషివి అవునా కాదా అని మొదట చూశారు. అయిదు ఒకే మగమనిషివని తేలాక మిగతా మాట మాట్లాడారు. ఇంత సామాన్యమైన పనికి గొప్ప పేరు రావడం మిగతావాళ్ల మీద నా అభ్యంతరానికి బలం చేకూరుస్తోంది.

అయితే వాళ్లూ ఊరుకోలేదు. బెల్జియంలో బీథోవెన్ ఇంటిపేరున్న మగవాళ్లతో పోలిస్తే ఆ వెంట్రుకల్లోని మగవంశ జన్యువు కలవలేదు. 1572 ప్రాంతానికీ 1770కీ మధ్య ఏడు తరాల్లో ఎక్కడో ఒకచోట తండ్రి మారాడన్నమాట. మనిషి ఎలా పోయాడని అడిగితే ఆయన ముత్తవ్వల్లో ఎవరో ఒకరి సంసారం గుట్టు తెచ్చి వీధిలో పెట్టారు. ఈ పని మా ఊళ్లో పెళ్లి సంబంధాలు వాకబు చేసేవాళ్లు ఏ ప్రయోగశాలా లేకుండానే చేసిపెడతారు.

ఆయనకు చెవుడు ఎందుకు వచ్చిందన్న సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆయన అడిగిందేమో అదే. 1802లో తమ్ముళ్ల పేరున రాసిన కాగితంలో, నేను పోయాక నా జబ్బు ఏమిటో డాక్టర్ ష్మిట్ చేత లోకానికి చెప్పించండి అని కోరాడు. ష్మిట్ 1809లోనే పోయారు. చెవి ఎముకలను 1827లో శ్రద్ధగా కోసి పక్కన పెట్టారు, తర్వాత అవి కనిపించకుండా పోయాయి. జుట్టు కొసలను అద్దాల చట్రాల్లో దాచుకున్న జనం, అసలు సాక్ష్యాన్ని పారేసుకున్నారు.

ఇంత గందరగోళంలోనూ తన వెంట్రుకలకు తానే పూచీ పడ్డ మనిషి ఒక్కరున్నారు, అది బీథోవెనే. 1826లో పియానో విద్వాంసుడు అంటోన్ హాల్మ్ భార్య ఆయన జుట్టు కొంచెం కావాలని అడిగింది. చుట్టూ ఉన్న కొంటెవాళ్లు మేక వెంట్రుకలు పంపించారు. ఆవిడ పరమ భక్తితో దాచుకుంది. సంగతి బయటపడ్డాక బీథోవెన్ నొచ్చుకుని, తన తల వెనక నుంచి జుట్టు కత్తిరించి స్వయంగా హాల్మ్ చేతిలో పెట్టాడు. 380 మైక్రోగ్రాములు తేలినది ఆ పాయలోనే.

ఇక ఆ మేక జుట్టు. అది ఏ పెట్టె అడుగునో, వెనక చక్కటి దస్తూరితో ధ్రువీకరణ అంటించుకుని, వేలం తేదీ కోసం ఎదురుచూస్తూ ఉంటుందని నా నమ్మకం. అది బయటికి వచ్చిన ఏడాదిలోగా, ఆఖరి రోజుల్లో మహానుభావుడు కేవలం ఆకుకూరల మీదే బతికాడని కనీసం రెండు దేశాల నిపుణులు ప్రకటిస్తారు.