రెండు పెన్నుల ఇంపోజిషన్

రెండు పెన్నులు కలిపి కట్టి ఇంపోజిషన్ సగం టైములో రాసేసే పిల్లల ముచ్చట బాగుంది. కానీ అదేమంత తేలిక కాదండీ. రూళ్ల నోటుబుక్కులో గీతల మధ్య ఎడం సుమారు 8 మిల్లీమీటర్లు. కాస్త లావు పెన్నులైతే మొనల మధ్య దూరం 10 ఉంటుంది. సరిగ్గా ఒకదాని కింద ఒకటి పెడితే కింది అక్షరాలు గీత దాటిపోతాయి. జంటను కొంచెం పక్కకు తిప్పితే ఎడం 8కి దిగుతుంది గానీ, కింది వాక్యం 6 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. పేజీ పొడవునా ఒక వరుస లోపలికి, ఒక వరుస బయటికి! మాస్టారికి ఇంకేం సాక్ష్యం కావాలి?

రబ్బరు బ్యాండు ఒక్కచోటే వేస్తే పెన్నులు కత్తెరలా విచ్చుకుంటాయి, పైనా కిందా రెండుచోట్ల బిగించాలి. మొనలు సమానంగా లేకపోతే ఒకటి గాల్లోనే రాస్తుంది. అన్నీ కుదిరినా, పై వరుసలో ఎగిరిపోయిన కొమ్ము కింది వరుసలోనూ ఉండదు.

దీనికన్నా వాక్యాన్ని మాటలుగా విడగొట్టి, ముందు వరుసలన్నిటిలో 'నేను' అని పైనుంచి కిందికి, తర్వాత దాని పక్కన 'ఇకపై' అని పైనుంచి కిందికి రాసుకుంటూ పోవడమే నయం. అయితే అందులో మాటలు కుడికి ఒరిగి, పేజీ అడుక్కి వచ్చేసరికి చివరి మాటకు చోటుండదు.