వృద్ధాశ్రమం తలుపు తీసి చూసేదెవరు?

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఏ ఊరైనా సరే, చివరి కాలనీల్లో తిరిగితే అద్దె ఇంటికి ఫ్లెక్సీ కట్టి నడుపుతున్న వృద్ధాశ్రమాలు కనిపిస్తాయి. లోపల పది పదిహేను మంది ఉంటారు. వీటిలో కొన్నింటిని నడిపేవాళ్లు అప్పులు చేసి, దాతల ఇళ్ల చుట్టూ తిరిగి, నిజంగా మంచి మనసుతో నడుపుతున్నారు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ అలాంటి హోమ్‌కూ, నెలనెలా డబ్బులు తీసుకుని ముసలోళ్లను మంచానికి వదిలేసే హోమ్‌కూ తేడా గేటు బయట నిలబడితే తెలియదు. లోపలికి వెళ్లి తెలుసుకోవాల్సిన పనిని ఎవరికీ గట్టిగా అప్పగించలేదు. మా కోపమంతా అక్కడే.

ఇలాంటి చోట్ల కొట్టడం, తిట్టడం లేకుండానే మనిషి నలిగిపోతాడు. రాత్రిపూట ఒకే ఆయా ఉంటుంది, పొద్దున వంట కూడా ఆమెదే. అవ్వను బాత్రూమ్‌కు లేపడం కష్టమని సాయంత్రం నుంచి నీళ్లు తగ్గిస్తారు. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఆ ఇన్ఫెక్షన్‌కు ముసలి ఒంట్లో జ్వరం కంటే ముందు మాట తడబడుతుంది, మనుషులను గుర్తుపట్టరు, రాత్రంతా అరుస్తారు. దానికి చాదస్తం అని పేరు పెట్టి నిద్రమాత్ర వేస్తే ఇక కదలరు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అవి ఎముక దాకా పోతాయి. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను వంగిపోయిన పెద్దవాళ్ల సంగతి ఇంకా కష్టం, వాళ్లలో చాలామంది తమంతట తాము పక్కకు ఒరగలేరు, వెల్లకిలా పడుకోలేరు. వాళ్లను ఎలా పడుకోబెట్టాలో, ఎక్కడ దిండు పెట్టాలో ఆయాకు నేర్పించింది ఎవరు?

చట్టం లేదా అంటే ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఆర్డీవో స్థాయికి తగ్గని అధికారితో ట్రిబ్యునల్ పెట్టమంది. చూసుకోవాల్సిన మనిషే పెద్దవాళ్లను వదిలించుకుంటే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ అంది. 150 మందికి సరిపడేలా జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం పెట్టవచ్చని కూడా అంది. కానీ ప్రైవేటు హోమ్ తప్పనిసరిగా రిజిస్టర్ కావాలన్న సెక్షన్ అందులో లేదు. 2019 డిసెంబర్‌లో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు రెండూ ఉన్నాయి, అది చట్టం కాకుండానే 2024లో సభతో పాటు మురిగిపోయింది. అదే పిల్లల హోమ్ అయితే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం నేరం, ఏడాది దాకా జైలు లేదా లక్షకు తగ్గని జరిమానా లేదా రెండూ పడతాయి, తనిఖీ కమిటీలూ ఉన్నాయి. నోరెత్తి చెప్పుకోలేని స్థితిలో పసివాడికీ పండుముసలికీ తేడా ఏముందని ఈ రెండు లెక్కలు?

కన్నబిడ్డలనే తిట్టి ఊరుకోవడం మాకిష్టం లేదు. పాలమూరు నుంచి ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయిన కొడుకు, కోడలు అక్కడ షెడ్డులో ఉంటూ మంచాన పడ్డ తల్లిని ఎక్కడ పెట్టుకుంటారు? ఆమెకు ఆసరా పెన్షన్ 2,016 రూపాయలు వస్తే డైపర్లకు కూడా సరిపోదు. అందుకే చౌకగా ఎక్కడ తీసుకుంటారంటే అక్కడికే తెస్తారు, ఆ చౌకదనం ఎవరి తిండి నుంచి, ఎవరి నిద్ర నుంచి మిగులుతోందో అడిగే ధైర్యం ఉండదు, అడిగితే తీసుకుపొమ్మంటారేమోనని టెన్షన్. కానీ డబ్బు లేకపోయినా చేయగలిగేవి ఉన్నాయి. చూడటానికి వెళ్లినప్పుడు పండ్ల సంచి చేతికిచ్చి హాల్లో కూర్చుని వచ్చేయకండి, దుప్పటి తీసి మడమలు చూడండి, నడుము చూడండి, నీళ్ల గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా చూడండి, ఏ మాత్రలు ఎందుకు వేస్తున్నారో చీటీ అడగండి. చెప్పకుండా వెళ్లండి.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఇదే. కేంద్రం మళ్లీ బిల్లు తెచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. వృద్ధుల ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ ప్రణాళిక తయారు చేయాల్సింది రాష్ట్రమేనని 2007 చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది, రూల్స్ రాసుకునే అధికారం 32వ సెక్షన్ ఇస్తోంది. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల కలెక్టర్లు ముందుగా బోర్డు ఉన్నవీ లేనివీ అన్ని హోమ్‌ల జాబితా రాయించాలి. ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన వాళ్లు ఆ వార్డు మనుషులు కాకుండా పోరు, కాబట్టి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఆ గేటు దగ్గర కూడా ఆగాలి. చనిపోయిన ప్రతి ఒక్కరి వివరం, ఒంటిమీద పుండ్లున్నాయా లేదా అన్నది రాసి పెట్టాలి. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేసే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్ నంబర్ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి, ఎవరినీ బతిమాలకుండా వాడుకునే ఫోన్ ఒకటి దాని కిందే ఉండాలి. తనిఖీకి వెళ్లే అధికారులు మాత్రం శాలువాలు సిద్ధం చేసుకునే టైమ్ ఇవ్వకుండా, ముందు కబురు పెట్టకుండా, ఆయా ఒక్కతే ఉండే రాత్రి వేళ వెళ్లాలి.