శ్రద్ధ పెట్టాలి

మా మేనల్లుడి ప్రోగ్రెస్ కార్డు మీద టీచరు గారి అభిప్రాయం అన్నచోట "శ్రద్ధ పెట్టాలి" అని ఉంది. చేతిరాత కాదు, రబ్బరు ముద్ర. దేనిమీద పెట్టాలో చెప్పడానికి ముద్రలో చోటు చాలలేదు కాబోలు.

బడి పేరెందుకులెండి. కోనసీమలో మీరు ఏది అనుకుంటే అదే.

బావ మస్కట్‌లో ఉండటంతో పేరెంట్స్ మీటింగుకి మేనమామ హోదాలో నేను వెళ్లాను. మేష్టారి బల్ల మీద టీ గ్లాసు, స్టాంపు ప్యాడు, మూడు ముద్రలు: గుడ్, వెరీ గుడ్, శ్రద్ధ పెట్టాలి. మానవజాతి వికాసమంతా ఆ మూడింట్లో ఇమిడిపోయింది.

"శ్రద్ధ దేనిమీదండీ?"

"అన్నిట్లోనూ అండి."

"లెక్కల్లోనా?"

"లెక్కల్లో కూడానండి, ఆయ్."

"జూన్‌లో పాతిక్కి నాలుగు తెచ్చుకున్నోడు ఇప్పుడు పదకొండు తెచ్చుకున్నాడు కదండీ!"

ఆయన కార్డు తిప్పి చూసి "అవునండోయ్!" అన్నారు. న్యాయం చెయ్యాలనిపించిందేమో, "గుడ్" తీసి సరిగ్గా "శ్రద్ధ" మీదే కొట్టారు. ఇప్పుడక్కడ "గుడ్ పెట్టాలి" అని ఉంది. మా అమ్మ కళ్లజోడు లేకుండా చదివి, "పిల్లాడికి గుడ్డు పెట్టాలంటరా!" అని మర్నాటి నుంచి రోజూ ఒకటి ఉడకబెట్టి పెడుతోంది. ఆ బడి ఇచ్చిన సలహాల్లో అమలైంది ఇదొక్కటే.

ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎంత పెరిగిందో, ఎంత తీసిందో లంకల్లో గేదెలు కాసేవాడు కూడా చెబుతాడు. గోదారికి "శ్రద్ధ పెట్టాలి" అని ముద్ర కొట్టి ఊరుకుంటే పడవలు ఎప్పుడు కట్టుకోవాలి?

ఇజ్రాయెల్ పిల్లల మీద చేసిన ఓ పరిశోధనను రూత్ బట్లర్ 1988లో ప్రచురించింది. మార్కులు వెయ్యకుండా వ్యాఖ్య మాత్రమే రాసిచ్చిన పిల్లలు మెరుగుపడ్డారు. వ్యాఖ్య పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం కనిపించలేదు. మావాళ్లు ఇంకా ముందున్నారు, వ్యాఖ్యే రాయరు.

మా మేనల్లుడు భిన్నాలు కూడమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేసేవాడు. అరకీ, మూడోవంతుకీ కలిపి అయిదింట రెండు వంతులనేవాడు. అర కంటే తక్కువొచ్చిందేంట్రా అంటే తెల్లమొహం వేసేవాడు. హారాలు సమానం చెయ్యడం పట్టుబడటానికి రెండు నెలలు పట్టింది. వాళ్లమ్మ కొబ్బరి చెక్కలు పేర్చి చూపించింది, వాడు ఏడ్చాడు, మళ్లీ కూర్చున్నాడు. "భిన్నాలు వచ్చేశాయి, ఇక దశాంశాలు చూడు" అని ఒక్క ముక్క రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుందయ్యా? మేష్టార్ని అనను. అయిదు సెక్షన్లు చూసుకుంటూ, ఎండాకాలం ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు పట్టుకొచ్చేవాడికి పెన్ను పట్టే తీరికెక్కడ? అతన్నలా తిప్పే యాజమాన్యానికి మాత్రం సెంటర్లో తాటిచెట్టంత ఫ్లెక్సీ కట్టడానికి డబ్బుంటుంది. అందులో 590 దాటిన మొహాలు ఉంటాయి. నాలుగు నుంచి పదకొండుకి ఎగబాకినోడికి అందులో మేకు కొట్టేంత జాగా లేదు. సిగ్గుండాలి.

మొన్న పరీక్షలో పదమూడొచ్చాయి. కార్డు ఇంకా ఇంటికి రాలేదు. స్టాంపు ప్యాడు ఎండిపోయిందట.