ఇంట్లో రాసిన పరీక్ష ఎవరిని కొలుస్తోంది?

ఆన్‌లైన్‌ పరీక్ష రాస్తున్న ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఒక లెక్క దగ్గర ఆగి, పక్కనే కూర్చున్న తల్లి ముఖంలోకి చూస్తాడు. ఆమె జవాబు చెప్పదు. ‘ప్రశ్న మళ్లీ చదువు’ అంటుంది. కాసేపయ్యాక ‘తొందరపడకు, ఇంకోసారి వేసి చూడు’ అంటుంది. ఆ రెండో మాటతో తాను వేసింది తప్పని పిల్లవాడికి తెలిసిపోతుంది. ఆ తల్లి మోసం చేసిందని ఎవరూ అనలేరు, అలాగని వచ్చిన మార్కు పూర్తిగా పిల్లవాడిదేననీ చెప్పలేరు. చదువు ఇంటికి చేరినప్పుడు మూల్యాంకన పరీక్షల గురించి తల్లిదండ్రులు పడే ఆందోళనలో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది.

కోవిడ్‌ కాలంలో 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువుకు ఆటంకం కలిగిందని ఐక్యరాజ్య సమితి లెక్కగట్టింది. పాఠం ఇంటికి రావడంతో పరీక్ష కూడా దాని వెంటే వచ్చింది. పాఠమైతే చోటు మారినా ఎంతో కొంత నిలదొక్కుకుంటుంది కానీ, పరీక్షకు ఆ వెసులుబాటు లేదు. అందరికీ ఒకే రకమైన గది, ఒకే సమయం, ఒకే నిశ్శబ్దం ఉన్నప్పుడే ఇద్దరి మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చగలం. ఒక బిడ్డకు తలుపు వేసుకునే గది, సొంత కంప్యూటర్‌ ఉంటాయి. మరొక బిడ్డ తమ్ముడి అల్లరి మధ్య, తండ్రి పనికి బయలుదేరేలోపు ఆయన ఫోన్‌లోనే పరీక్ష ముగించాలి. 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే సుమారు 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్‌ లేదని యునిసెఫ్‌, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ యూనియన్‌ 2020 డిసెంబరులో వెల్లడించాయి. నెట్‌ ఉన్న ఇళ్లలోనూ అది మధ్యలో ఆగిపోతే పరీక్ష మళ్లీ తెరుచుకునేసరికి సమయం కరిగిపోతుంది. జవాబు తెలియక వదిలేసిన ప్రశ్నకూ, తెర కదలక వదిలేసిన ప్రశ్నకూ మార్కుల పట్టికలో పడేది ఒకే సున్నా.

ఇంట్లో పెద్దలు సాయం చేసేస్తున్నారన్న ఉపాధ్యాయుల ఫిర్యాదులో నిజముంది. అయితే ఆ సాయం ఎలా పుడుతుందో చూడకపోతే అది సగం నిజమే. కంప్యూటర్‌ మీద పెట్టే మూల్యాంకన పరీక్షల్లో కొన్ని, బిడ్డ ఇచ్చే జవాబును బట్టి ప్రశ్నలను మార్చుకుంటూ పోతాయి. జవాబు సరైనదైతే తరువాతి ప్రశ్న కాస్త కఠినంగా, తప్పైతే కాస్త తేలికగా వస్తుంది. ఈ పద్ధతిలో బాగా చదివే పిల్లలు కూడా దాదాపు సగం ప్రశ్నలకు తప్పు జవాబులిస్తారు. బిడ్డకు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీత ఎక్కడుందో కనిపెట్టడానికి అదే దారి. ఈ సంగతి ఉపాధ్యాయుడికి తెలుసు. వెనక నిలబడి చూస్తున్న తండ్రికి తెలియదు, ఆయనకు వరసగా తప్పుతున్న జవాబులే కనిపిస్తాయి. ఇన్నాళ్లూ వీడు ఏమీ నేర్చుకోలేదా అన్న కంగారులో ఒక మాట నోరు జారుతుంది. ఆ మాటతో వచ్చిన సరైన జవాబును నమ్మి కంప్యూటర్‌ ఇంకా కఠినమైన ప్రశ్న ఇస్తుంది, దానికి మరికాస్త సాయం కావలసి వస్తుంది. పరీక్ష ముగిసేసరికి తేలేది తండ్రీకొడుకుల ఉమ్మడి మార్కు.

ఆ మార్కు చూసిన ఉపాధ్యాయురాలు ఈ పిల్లవాడికి భిన్నాలు వచ్చేశాయనుకుని, అదనంగా చెప్పాల్సినవారి జాబితాలోంచి అతని పేరు తీసేస్తుంది. నిజంగా సాయం కావలసిన బిడ్డకు అది అందకుండా పోవడానికి తండ్రి ఆత్రుతే కారణమవుతుంది. చిన్న తరగతుల్లో ఈ బెడద మరీ ఎక్కువ. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ప్రశ్నను తమంతట తాము పూర్తిగా చదువుకోలేరు, సరైన చోట నొక్కలేరు. పెద్దలు పక్కన లేకపోతే పరీక్ష సాగదు, ఉంటే దాని ఫలితాన్ని నమ్మలేం. ఆ వయసు వారికి ఇంటి దగ్గర మార్కుల పరీక్ష పెట్టడమే పొరపాటని నా అభిప్రాయం. ఉపాధ్యాయురాలు ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి, ఒక చిన్న కథ చదివించుకుని వింటే అంతకంటే ఎక్కువే తెలుస్తుంది.

పెద్దలు కంగారు పడటానికి అసలు కారణం, ఆ మార్కు చివరికి ఎక్కడికి చేరుతుందో వారికి ఎవరూ చెప్పకపోవడం. విద్యాశాస్త్రంలో నిర్మాణాత్మక మూల్యాంకనం, సంగ్రహణాత్మక మూల్యాంకనం అని రెండున్నాయి. పాఠం ఎక్కడ అర్థం కాలేదో కనుక్కుని బోధనను సరిచేసుకోవడం మొదటిదాని పని. చదివిన చదువు ముగింపులో ఎంత వచ్చిందో తేల్చడం రెండోదాని పని. బడికి ఈ తేడా తెలుసు. ఇంటికి వచ్చే సందేశంలో మాత్రం రెండింటికీ ‘టెస్ట్‌’ అనే ఒక్క పేరే ఉంటుంది. తేదీ, సమయం, లింకు తప్ప మరో వివరం ఉండదు. దీన్ని బట్టే పై తరగతికి పంపుతారేమో, సెక్షన్‌ మారుస్తారేమో అన్న అనుమానం ఉన్నంతకాలం పక్కన కూర్చున్న మనిషి చేతులు కట్టుకుని ఉండాలనుకోవడం అత్యాశ.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 2020లో ఇంగ్లండ్‌లో, విశ్వవిద్యాలయ ప్రవేశాలకు ఆధారమైన ఏ-లెవెల్‌ పరీక్షలు రద్దయినప్పుడు, ఉపాధ్యాయులు అంచనా వేసి పంపిన గ్రేడులను ఆఫ్‌క్వాల్‌ అనే నియంత్రణ సంస్థ ఒక గణిత సూత్రంతో సవరించింది. ఆ విద్యార్థి చదివిన బడిలో గత సంవత్సరాల ఫలితాలు ఎలా ఉన్నాయన్నది ఆ సూత్రంలో ప్రధానమైన అంశం. ఆగస్టు 13న ఫలితాలు వెలువడేసరికి దాదాపు 40 శాతం గ్రేడులు ఉపాధ్యాయుల అంచనా కంటే తగ్గాయి. విద్యార్థులు మరీ తక్కువగా ఉన్న చోట ఉపాధ్యాయుల అంచనాకే విలువ ఇవ్వడంతో చిన్న తరగతులు నడిపే ప్రైవేటు బడులకు మేలు జరిగింది. నిరసనలు వెల్లువెత్తడంతో నాలుగు రోజులకే ఆ పద్ధతిని ఉపసంహరించుకున్నారు. అది ఇంటి నుంచి రాసిన పరీక్ష కాదు, నిజమే. కానీ బిడ్డ చేతిలో లేని విషయాలు బిడ్డ మార్కును నిర్ణయించాయన్న బాధ రెండు చోట్లా ఒకటే.

2021 ఫిబ్రవరిలో అమెరికా సమాఖ్య విద్యాశాఖ మరో దారి చూపింది. అంతకు ముందు ఏడాది వార్షిక పరీక్షలకు పూర్తి మినహాయింపునిచ్చిన ఆ శాఖ, ఈసారి పరీక్షలు జరపాలంటూనే వాటిని కుదించుకోవచ్చని, ఇంటి నుంచి రాయించవచ్చని, వాయిదా కూడా వేసుకోవచ్చని రాష్ట్రాలకు తెలిపింది. 95 శాతం మంది పరీక్ష రాయాలన్న నిబంధన నుంచి, ఫలితాలను బట్టి బడుల మీద చర్య తీసుకోవడం నుంచి సడలింపు కోరవచ్చని చెప్పింది. బడికి రావడం క్షేమం కాని చోట పిల్లలను కేవలం పరీక్ష కోసం రప్పించవద్దని కూడా స్పష్టం చేసింది. వెనకబాటు ఎక్కడుందో తెలుసుకోవడాన్ని, దాన్ని చూపి శిక్షించడాన్ని వేరుచేయడం సాధ్యమేనని దీనివల్ల తేలింది.

కొన్ని విద్యాసంస్థలు నమ్మకం పెంచే బదులు నిఘా పెంచాయి. కెమెరా ఆన్‌ చేసి ఉంచాలి, గది నాలుగు మూలలూ చూపించాలి, కళ్లు తెర మీది నుంచి పక్కకు పోకూడదు అన్నారు. గదిని కెమెరాతో తిప్పి చూపించమనడం పౌరులకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమని ఒహాయోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో అమెరికా సమాఖ్య న్యాయస్థానం 2022 ఆగస్టులో తీర్పునిచ్చింది. ఎదిగిన విద్యార్థుల విషయంలోనే అది తప్పైనప్పుడు, పదేళ్ల బిడ్డ పడక గదిని, వెనక తిరుగుతున్న అమ్మమ్మను రికార్డు చేయడాన్ని ఎలా సమర్థించగలం?

ఇంత చెప్పాక, అసలు పరీక్షలే వద్దనడం మాత్రం నాకు సమ్మతం కాదు. నెదర్లాండ్స్‌లో 2020లో బడులు మూతపడింది ఎనిమిది వారాలే. అయినా, మూతపడక ముందు, తెరిచాక జరిగిన జాతీయ పరీక్షల్లో దాదాపు 3,50,000 మంది ప్రాథమిక విద్యార్థుల ఫలితాలను పోల్చిన పరిశోధకులు, విద్యాసంవత్సరంలో అయిదో వంతు చదువు నష్టమైందని గుర్తించారు. తల్లిదండ్రులు అంతగా చదువుకోని ఇళ్లలో ఆ నష్టం 60 శాతం దాకా ఎక్కువగా ఉంది. కొలవకపోతే ఆ పిల్లల నష్టం ఎవరికీ తెలిసేది కాదు. అయితే ఆ కొలత సాధ్యమైంది బడి తలుపులు తెరుచుకుని పిల్లలు మళ్లీ తరగతి గదిలో కూర్చున్నాకనే.

కాబట్టి తల్లిదండ్రులు బడిని మొదట అడగాల్సింది మార్కు ఎంత అని కాదు, ఆ మార్కును ఏం చేస్తారని. ఎవరు చూస్తారు, దేనికి వాడతారు, దేనికి వాడరు అన్నది పరీక్షకు ముందే రాతపూర్వకంగా ఇళ్లకు చేరాలి. కొన్ని ప్రశ్నలు తప్పడం సహజమేనన్న ఒక్క వాక్యం అందులో ఉంటే ఎన్నో ఇళ్లలో కంగారు తగ్గుతుంది. ప్రతి ప్రశ్న కింద ‘సాయం తీసుకున్నాం’ అని గుర్తు పెట్టేందుకు ఒక గడి కూడా ఉండాలి. దాచుకుంటే తప్పుదారి పట్టించే సాయం, చెప్పుకుంటే ఉపాధ్యాయురాలికి అక్కరకొచ్చే సమాచారమవుతుంది. ఆ గడుల్లో గుర్తులు ఎక్కువగా పడిన పాఠాన్ని పిల్లలు తిరిగి బడికి వచ్చిన మొదటి వారంలోనే మళ్లీ చెప్పవచ్చు.